మానేసర్‌లో వెయ్యి ముక్కలయ్యే సెకను

ఢిల్లీ నుంచి జైపూర్ హైవే మీద గురుగ్రామ్ దాటి ఇంకొంత దూరం పోతే మానేసర్ వస్తుంది. కార్ల ఫ్యాక్టరీలున్న ఊరు. ఐక్యాట్ అనే వాహన పరీక్షా కేంద్రం 2006 నుంచి అక్కడే ఉంది. మంచి కార్లను కావాలని గుద్దించి చూసే ప్రయోగశాల దానిలో ఉంది. గంటకు 56 కిలోమీటర్ల వేగంతో, కొన్ని పరీక్షల్లో 64 కిలోమీటర్ల వేగంతో బండిని తెచ్చి అడ్డుదిమ్మెకు కొట్టిస్తారు. ముందు బంపరు తగిలినప్పటి నుంచి బండి నలిగి, వెనక్కి తుళ్లేదాకా పట్టే సమయం సుమారు సెకనులో ఏడో వంతు. చూస్తున్నవాళ్లకు చప్పుడు వినపడుతుంది, ఆ తర్వాత తుక్కు కనపడుతుంది. మధ్యలో ఏం జరిగిందో కంటికి దక్కదు.

మామూలు సినిమా కెమెరాకూ దక్కదు. సెకనుకు 24 ఫ్రేములు తీసే కెమెరాలో, 64 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు ఒక ఫ్రేముకూ ఇంకో ఫ్రేముకూ మధ్య 74 సెంటీమీటర్లు జరిగిపోతుంది. మొత్తం ప్రమాదానికి మిగిలేవి మూడు నాలుగు బొమ్మలు. అదే సెకనుకు 1000 ఫ్రేములు తీస్తే ఆ ఎడం 2 సెంటీమీటర్ల లోపుకు దిగుతుంది. ఎయిర్‌బ్యాగ్ ఎప్పుడు విచ్చుకుంది, బెల్టు ఎప్పుడు బిగిసింది, సీట్లో కూర్చోబెట్టిన డమ్మీ మనిషి తల ఎటు వాలింది, అన్నీ లెక్కకు అందుతాయి.

ఈ కెమెరా వంశం పాతదే. 1878లో కాలిఫోర్నియాలో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ పరుగుదారి పక్కన 12 కెమెరాలను వరసగా పెట్టి, దారికి అడ్డంగా దారాలు కట్టాడు. గుర్రం తగిలి దారం తెగినప్పుడల్లా ఒక కెమెరా కన్ను తెరిచింది. నాలుగు కాళ్లూ నేల వదిలే క్షణం ఉంటుందని అలా తేలింది. తర్వాత ఎంఐటీలో హెరాల్డ్ ఎడ్జర్టన్ మెరుపు దీపాలతో బుల్లెట్‌ను గాలిలో నిలబెట్టి చూపించాడు. ఆపైన ఫిల్మును గిర్రున తిప్పి సెకనుకు వేల బొమ్మలు తీసే కెమెరాలు వచ్చాయి.

ఫిల్ము కెమెరాకు వేగం ఉంది కానీ ఆగి చూసే ఓపిక లేదు. 100 అడుగుల 16 మిల్లీమీటర్ల రీలులో పట్టేవి 4000 బొమ్మలు. పూర్తి వేగం అందుకుంటే ఒక సెకను చుట్టుపక్కల రీలు అయిపోతుంది. ముందే నొక్కితే ఘటన జరిగేసరికి ఫిల్ము ఉండదు. ఆలస్యంగా నొక్కితే కెమెరా వేగం అందుకోకముందే అంతా ముగుస్తుంది. దొరికిందో లేదో డార్క్‌రూములో కడిగాక గానీ తెలియదు.

1990ల నుంచి ఫిల్ము స్థానంలోకి వచ్చిన డిజిటల్ కెమెరా ఈ చిక్కును విప్పింది. దాని మెమరీ గానుగెద్దులా గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. కొత్త బొమ్మ వచ్చినప్పుడల్లా అన్నిటికన్నా పాత బొమ్మ చెరిగిపోతుంది. బంపరు మీద అతికించిన పట్టీ స్విచ్చి నలగగానే కెమెరాకు సంకేతం అందుతుంది. అప్పుడది ఇంకాసేపు తీసి ఆగుతుంది. అంతకుముందు జరిగినదీ తర్వాత జరిగినదీ రెండూ చేతికొస్తాయి. ఈ యంత్రం జీవితంలో అసలు మలుపు ఇదేనని నా అభిప్రాయం. ఆ పట్టీ స్విచ్చి మైబ్రిడ్జ్ కట్టిన దారానికి మునిమనవరాలు.

ఇంత చేసినా కెమెరాను సిద్ధం చేయడంలో తప్పు జరిగితే అంతా వృథా. కారు ఒక్కసారే నలుగుతుంది.

మొదటి పని విచిత్రంగా ఉంటుంది. లెన్సు మూసేసి కెమెరాకు చీకటి చూపిస్తారు. సెన్సార్‌లోని లక్షల చుక్కల్లో ప్రతిదానికీ వెలుగు లేకపోయినా కొంత సొంత సంకేతం ఉంటుంది. వేడిని బట్టి అది మారుతుంది. ఆ చీకటి బొమ్మను కెమెరా గుర్తుపెట్టుకుని, తర్వాత తీసే ప్రతి బొమ్మలోంచీ దాన్ని తీసేస్తుంది. అందుకే కెమెరా వేడెక్కి కుదురుకున్నాక ఈ పని చేయాలి. మే నెలలో 45 డిగ్రీలు, జనవరిలో 4 డిగ్రీలు చూసే ఢిల్లీ ప్రాంతంలో దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఆ తర్వాత వెలుతురు. బొమ్మ అలుక్కుపోకుండా ఉండాలంటే ఒక్కో ఫ్రేముకు సెకనులో పదివేలో వంతు మాత్రమే వెలుగు సోకనివ్వాలి. అప్పుడు కారు ఆ ఫ్రేములో 2 మిల్లీమీటర్లు కూడా కదలదు. సినిమా కెమెరాకు అందే వెలుగులో ఇది 200వ వంతు. ఆ లోటు తీర్చడానికి దీపాల బారులు కావాలి, అవీ మిణుకుమనకూడదు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి మామూలు దీపం సెకనుకు 100 సార్లు ఎక్కువ తక్కువ అవుతుంది. కంటికి తెలియదు గానీ 1000 ఫ్రేముల వీడియోలో ప్రతి పది బొమ్మలకొకసారి కారు మసకబారుతుంది.

ఇక మెమరీ. 1280 బై 1024 చుక్కల బొమ్మకు, చుక్కకు 12 బిట్ల లెక్కన, దాదాపు 2 మెగాబైట్లు కావాలి. అంటే సెకనుకు 2 గిగాబైట్లు. ఫ్రేములు పెంచాలంటే బొమ్మను చిన్నది చేసుకోవాలి. ఏది వదులుకోవాలో ముందే తేల్చుకోవాలి. పక్కల నుంచి, పైనుంచి, నేలలోని గాజుపలక కింద నుంచి చూసే కెమెరాలన్నీ ఒకే గడియారానికి తల వంచాలి. కారు మీద అతికించిన పసుపు నలుపు గుర్తులే కొలబద్దలు. డమ్మీ ముఖానికి రంగు పూస్తారు, అది ఎయిర్‌బ్యాగ్ మీద ఎక్కడ అంటిందో చూడటానికి.

2014 జనవరి ఆఖరున ఢిల్లీలో, కార్ల భద్రతను పరీక్షించి నక్షత్రాలిచ్చే గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ, మన దేశంలో అమ్ముడయ్యే 5 చిన్న కార్ల పరీక్షా ఫలితాలు ప్రకటించింది. ఎయిర్‌బ్యాగులు లేని ఆ మోడళ్లలో పెద్దల రక్షణకు ఒక్కదానికీ ఒక్క నక్షత్రం రాలేదు. అంకెలు చదివి మరచిపోయేవాళ్లు కూడా, ఆ పరీక్షల వీడియోల్లో డమ్మీ తల నెమ్మదిగా స్టీరింగ్‌కు కొట్టుకోవడం చూసి ఉలిక్కిపడ్డారు. 2017 అక్టోబరు నుంచి కొత్త మోడళ్లకు, 2019 అక్టోబరు నుంచి అన్ని కార్లకూ గుద్దుడు పరీక్ష తప్పనిసరైంది. 2023 అక్టోబరు 1న మన సొంత భారత్ ఎన్‌క్యాప్ అమల్లోకి వచ్చింది.

ఆ 2014 వీడియోలు ఇప్పటికీ ఇంటర్నెట్‌లో ఉన్నాయి. కారు కొనబోయే ముందు ఒకటి చూడండి. మీరు కొనే మోడల్‌కు ఎన్ని నక్షత్రాలొచ్చాయో షోరూములో అడగండి.