గెడ్డలో ఈత వేరు.. సముద్రంలో డైవింగ్ వేరు
పిల్లలను దింపేముందు డాక్టరుకు చూపాలి

దేవరాపల్లి: శారదా నది, రైవాడ జలాశయం దరిని పెరిగిన కుర్రాళ్లకు ఈత ఒకరు నేర్పనక్కరలేదు. నీట మునిగి ఎక్కువసేపు దమ్ము బిగబట్టినవాడే మొనగాడు. ఇప్పుడు విశాఖ విహారానికి వెళ్లే పిల్లలు రుషికొండలో స్కూబా డైవింగ్ చూసి మోజుపడుతున్నారు. వీపున గాలి సిలిండరు కట్టుకుని మునిగే ఈ క్రీడలో మాత్రం దమ్ము బిగబట్టడమే ప్రాణం మీదికి తెస్తుంది.

కారణం ఇది. 10 మీటర్ల లోతున ఒత్తిడి పైనున్నదానికి రెట్టింపు. గెడ్డలో మునిగేవాడు ఒడ్డున పీల్చిన గాలినే లోపలికి తీసుకెళ్తాడు. అది లోతున కుదించుకుని, పైకి వస్తే మళ్లీ మామూలవుతుంది. సిలిండరు గాలి అలా కాదు. 10 మీటర్ల లోతున పీల్చిన గాలి పైకి వచ్చేసరికి రెండింతలవుతుంది. బెదిరి, ఊపిరి బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు చిరుగుతాయి. గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకు చేరవచ్చు. మీటరున్నర లోతు నుంచి వచ్చినా ఈ ముప్పు ఉంది. ఊపిరి ఆపకూడదు, నెమ్మదిగా పైకి రావాలి అన్నదే ఇందులో మొదటి పాఠం.

చెవుల జాగ్రత్త

పిల్లల్లో చెవికీ గొంతుకీ మధ్యనున్న గొట్టం సన్నం. జలుబు చేస్తే మూసుకుపోతుంది. అప్పుడు మునిగితే కర్ణభేరి చిల్లుపడవచ్చు. ఒత్తిడి తేడా మొదటి కొద్ది మీటర్లలోనే ఎక్కువ కనుక ‘లోతు తక్కువే కదా’ అనుకోరాదు.

ఉబ్బసం, మూర్ఛ, గుండెజబ్బు, షుగరు, చెవిలో చీము ఉన్న పిల్లలను డాక్టరు పరీక్షించి ఒప్పుకోనిదే దింపరాదు. మూర్ఛ ఒడ్డున వస్తే తేరుకోవచ్చు, నీటి అడుగున వస్తే మునిగిపోవడమే. శిక్షణ కేంద్రంలో ఇచ్చే ఆరోగ్య ప్రశ్నల కాగితంలో ఏదీ దాచకూడదు.

అంతర్జాతీయ శిక్షణ సంస్థ ‘పాడీ’ సముద్ర డైవింగ్ శిక్షణకు కనీస వయసు 10 ఏళ్లుగా పెట్టింది. 10, 11 ఏళ్లవారు 12 మీటర్లు దాటరాదు. వయసు వచ్చినా, పిల్లవాడు జంకితే బలవంతం చేయరాదు.

అరకు ప్రయాణం వెంటనే వద్దు

డైవింగ్ ముగించి అదే రోజు అరకు ఘాటీ ఎక్కడం మంచిది కాదు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గి, ఒంట్లో మిగిలిన నత్రజని బుడగలు కట్టవచ్చు. ఒక్కసారి మునిగితే కనీసం 12 గంటలు, పలుమార్లు మునిగితే 18 గంటలు ఆగాలి. కీళ్లనొప్పి, తిమ్మిరి, తలతిరుగుడు, ఛాతీనొప్పి కనిపిస్తే వెంటనే 108కి ఫోన్ చేయాలి. నీట మునిగిన సంగతి డాక్టరుకు తప్పక చెప్పాలి.