కోడ్ ఒకచోట.. నోట్సు ఇంకోచోట.. అయితే ఎలా?

సాఫ్ట్‌వేర్ కొలువుల వేటలో ఉన్న విద్యార్థులు ప్రాజెక్టులు బాగానే చేస్తారు. ఇంటర్వ్యూలో 'ఏదీ, చూపించండి' అనగానే మాత్రం తడబడతారు. చాలాసార్లు దానికి కారణం నైపుణ్యం లేకపోవడం కాదు, చేసిన పని నలుదిక్కులా చెదిరిపోవడం! కోడ్, నోట్సు, చేయాల్సిన పనులు, తీసుకున్న నిర్ణయాలు.. అన్నిటినీ ఒకే డిజిటల్ వర్క్‌స్పేస్‌లోకి తెచ్చుకుంటే ఈ తిప్పలు తప్పుతాయి. అదెలాగో చూద్దాం.

చందానగర్‌లో ఎంఎంటీఎస్ ఎక్కితే మధ్యలో హఫీజ్‌పేట.. ఆ తర్వాత హైటెక్ సిటీనే. దూరం రెండు స్టేషన్లే. కానీ చందానగర్, లింగంపల్లి, మియాపూర్ చుట్టుపక్కల గదుల్లో ఉంటూ ఉద్యోగ ప్రయత్నాలు చేసేవారికి ఆ రెండు స్టేషన్ల ప్రయాణానికి నెలలు పట్టొచ్చు.

ఇలాంటి గదిలో ఉన్న ఓ ఫైనలియర్ విద్యార్థిని ఊహించుకోండి. రాత్రి పదిన్నరకు మెయిల్ వచ్చింది. మర్నాడు పదకొండుకు ఆన్‌లైన్‌లో టెక్నికల్ రౌండ్, ప్రాజెక్టు నడిపి చూపించాలి. ల్యాప్‌టాప్ తెరిస్తే 'ఫైనల్', 'ఫైనల్ 2', 'లేటెస్ట్ ఫైనల్' అని మూడు ఫోల్డర్లు. డేటాబేస్ పాస్‌వర్డ్ వాట్సాప్ గ్రూపులో ఎక్కడో పైన ఉంది. డయాగ్రమ్ ఫ్రెండ్ దగ్గరుంది, అతడు ఊరెళ్లాడు. గైడ్ చెప్పిన మార్పులు రాసుకున్న నోట్‌బుక్ ఇంట్లో ఉండిపోయింది. ఏ ఫోల్డర్ నడుస్తుందో తేలేసరికి తెల్లారింది. తీరా ఇంటర్వ్యూలో 'ఈ డేటాబేస్ ఎందుకు ఎంచుకున్నారు?' అనడిగితే నోట మాట రాలేదు. ఆర్నెల్ల కిందట దాని గురించి టీమ్ అంతా గంటసేపు చర్చించిన మాట నిజమే. కానీ ఆ చర్చ ఎక్కడా రాసిపెట్టలేదు!

ఇందులో మీ కథ కొంచెమైనా కనిపిస్తే.. మిగతాది చదవాల్సిందే.

వెతుకులాటకే సగం బుర్ర

పని చెదిరిపోతే పోయేది సమయమొక్కటే కాదు, ఏకాగ్రత కూడా. ఒక పని పూర్తికాకుండా ఇంకో పనిలోకి దూకితే మనసులో కొంత భాగం పాత పని దగ్గరే ఆగిపోతుందనీ, దాంతో కొత్త పని నాణ్యత తగ్గుతుందనీ పరిశోధకురాలు సోఫీ లెరాయ్ 2009లో ప్రచురించిన పత్రంలో వివరించారు. దీన్నే 'అటెన్షన్ రెసిడ్యూ' అంటున్నారు. కోడ్ రాస్తూ మధ్యలో పాస్‌వర్డ్ కోసం వాట్సాప్ తెరుస్తాం. అక్కడ ఇంకేదో మెసేజ్ కనిపిస్తుంది. తిరిగొచ్చి చూస్తే ఏ లైన్ దగ్గర ఆగామో గుర్తుండదు. రోజుకు పదిసార్లు ఇలా జరిగితే చదివిందేమిటి, చేసిందేమిటి?

కంపెనీల్లో దారం ఉంటుంది

1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయ్యేనాటికి గిట్ లేదు, గిట్‌హబ్ లేదు. లినస్ టోర్వాల్డ్స్ గిట్‌ను తయారుచేసింది 2005లో. గిట్‌హబ్ వచ్చింది 2008లో. ఇప్పుడు ఈ కారిడార్‌లో ఏ డెవలపర్ బృందంలో చేరినా ఇంచుమించు ఇదే వరస కనిపిస్తుంది: జిరా లాంటి టూల్‌లో మీ పేరుమీద ఒక టికెట్ పడుతుంది. ఆ టికెట్ నంబరుతో కోడ్‌లో ఒక బ్రాంచ్ తెరుస్తారు. పని అయ్యాక పుల్ రిక్వెస్ట్ పెడతారు. టెస్టులు వాటంతటవే నడుస్తాయి, సీనియర్ రివ్యూ చేస్తారు. ఆ తర్వాతే మెర్జ్.

ఇక్కడ టికెట్ నంబరే దారం. 'ఈ లైన్ ఎందుకు రాశారు?' అని రెండేళ్ల తర్వాత ఎవరైనా అడిగితే.. ఆ దారం పట్టుకుని వెనక్కి వెళ్తే కారణం దొరుకుతుంది. గిట్‌ల్యాబ్, అజూర్ డెవ్‌ఆప్స్ లాంటివి టికెట్లు, కోడ్, టెస్టులు అన్నిటినీ ఒకే గూటిలోకి తెచ్చింది ఇందుకే. ఈ పద్ధతి కాలేజీలోనే అలవాటైతే, ఉద్యోగంలో చేరిన మొదటివారం మీకు కొత్త దేశంలా అనిపించదు.

పోపుల పెట్టెలా ఐదు గిన్నెలు

ఒకే వర్క్‌స్పేస్ అంటే అన్నీ కలిపేసి కుప్ప పోయడం కాదు. ఇంట్లో పోపుల పెట్టె చూడండి. పెట్టె ఒక్కటే, గిన్నెలు వేరు. చేయి పెడితే ఆవాలు ఎక్కడో, జీలకర్ర ఎక్కడో అమ్మకు చూడకుండానే తెలుస్తుంది. మీ పెట్టె గిట్‌హబ్‌లోనో, గిట్‌ల్యాబ్‌లోనో ఒక రిపాజిటరీ. ఉచిత ఖాతా సరిపోతుంది. అందులో ఐదు గిన్నెలు ఉండాలి.

1. కోడ్: చిన్న చిన్న మార్పులకే కమిట్ చేయండి. 'అప్‌డేట్', 'చేంజెస్' అని రాస్తే రేపు మీకే అర్థం కాదు. 'లాగిన్‌లో ఖాళీ పాస్‌వర్డ్‌ను ఆపడం' అన్నట్టు ఏం చేశారో రాయండి. ఇక 'ఫైనల్ 2' ఫోల్డర్లతో పనిలేదు, పాత రూపాలన్నీ గిట్ దగ్గరే ఉంటాయి.

2. పనులు: చేయాల్సిన ప్రతి పనికీ ఒక ఇష్యూ తెరవండి. 'చేయాలి', 'చేస్తున్నా', 'అయింది' అని మూడు వరుసల బోర్డు పెట్టుకోండి. ఈ పద్ధతి పేరు కాన్‌బాన్. జపాన్‌లోని టయోటా కార్ల ఫ్యాక్టరీల నుంచి వచ్చింది. కిటుకంతా మధ్య వరుసలోనే ఉంది. 'చేస్తున్నా'లో ఒకేసారి రెండు పనులకు మించి ఉంచొద్దు. పుల్ రిక్వెస్ట్ వివరణలో 'క్లోజెస్ #12' అని ఇంగ్లిష్‌లో రాస్తే, అది ప్రధాన బ్రాంచ్‌లో కలవగానే 12వ నంబరు ఇష్యూ దానంతటదే మూతపడుతుంది.

3. నిర్ణయాలు: ఇంటర్వ్యూలో గట్టెక్కించేది ఈ గిన్నే. 2011లో మైఖేల్ నైగార్డ్ అనే ఇంజినీర్ 'ఆర్కిటెక్చర్ డెసిషన్ రికార్డ్' అనే పద్ధతిని ప్రతిపాదించారు. మీకు నాలుగు లైన్లు చాలు. సమస్య ఏమిటి? ఏయే దారులు చూశాం? ఏది ఎంచుకున్నాం, ఎందుకు? దానివల్ల నష్టమేమిటి? నాలుగో ప్రశ్నకు జవాబు తెలిసిన అభ్యర్థి ఇంటర్వ్యూలో ప్రత్యేకంగా కనిపిస్తాడు.

4. నోట్సు: వచ్చిన ఎర్రర్, వెతికిన దారి, పనిచేసిన పరిష్కారం.. తేదీ వేసి సాదా మార్క్‌డౌన్ ఫైల్‌లో రాయండి. భాష గురించి బెంగ వద్దు. తెలుగూ ఇంగ్లిషూ కలిపి రాసుకున్నా ఫర్వాలేదు, ఇది మీ కోసమే.

5. రహస్యాలు: ఈ గిన్నె ఖాళీగా ఉండాలి! పాస్‌వర్డులు, ఏపీఐ కీలు రిపాజిటరీలోకి రాకూడదు. వాటిని విడిగా ఎన్విరాన్‌మెంట్ ఫైల్‌లో ఉంచి, ఆ ఫైల్ పేరును గిట్ఇగ్నోర్‌లో చేర్చండి. పొరపాటున కీ పబ్లిక్ రిపాజిటరీలోకి వెళ్లిపోతే ఆ లైన్ తీసేసినంత మాత్రాన సరిపోదు, చరిత్రలో అది అలాగే ఉంటుంది. వెంటనే ఆ కీని రద్దుచేసి కొత్తది తీసుకోవాలి.

నలుగురి ప్రాజెక్టులో మీ వాటా ఏది?

బ్యాచ్ ప్రాజెక్టుల్లో మామూలుగా జరిగేదేంటి? ఒకరి ల్యాప్‌టాప్‌లోనే అందరూ కూర్చుని రాస్తారు. చివర్లో ఆ ఒక్కరి ఖాతా నుంచే అంతా ఎక్కుతుంది. రికార్డు ప్రకారం పని చేసింది ఒక్కరే, మిగతా ముగ్గురూ ప్రేక్షకులే! మీరు రాత్రంతా మేల్కొని రాసిన పేమెంట్ మాడ్యూల్‌కు సాక్ష్యమే ఉండదు.

అందుకే ఎవరి భాగం వారి ఖాతా నుంచే కమిట్ కావాలి. గిట్ సెట్టింగ్స్‌లో ఇచ్చిన మెయిల్, గిట్‌హబ్‌ ఖాతాలో ఉన్న మెయిల్ ఒకటేనా కాదా చూసుకోండి. తేడా ఉంటే మీ కమిట్లు మీ ప్రొఫైల్‌లో లెక్కకు రావు. ఒకరి కోడ్‌ను ఇంకొకరు రివ్యూ చేసి కామెంట్ రాయండి. వాట్సాప్ గ్రూపును మానేయక్కర్లేదు, టీ టైమ్ ముచ్చట్లు అక్కడే నడవనివ్వండి. కానీ అక్కడ ఏదైనా తేలితే రెండు లైన్లలో ఇష్యూలో రాయాల్సిందే. 'రాయకపోతే అది జరగనట్టే' అని టీమ్‌లో ఒక నియమం పెట్టుకోండి.

అన్నీ ఒకేచోట ఉంటే ప్రమాదం కాదా?

మంచి ప్రశ్నే. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్‌లోనే పెద్ద ప్రమాదం జరిగింది. ఓ ఇంజినీర్ పొరపాటున అసలు డేటాబేస్‌ సర్వర్‌లోని ఫైళ్లను తొలగించారు. బ్యాకప్‌లు ఉన్నాయి కదా అనుకుంటే, తీరా చూస్తే అవి కొంతకాలంగా పనిచేయడమే లేదు. విఫలమవుతున్నాయని హెచ్చరించాల్సిన మెయిళ్లూ చేరలేదు. చివరికి ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ ఆదుకుంది. ఆ ఆరు గంటల్లో యూజర్లు రాసిన ఇష్యూలు, కామెంట్లు పోయాయి. కోడ్ రిపాజిటరీలు మాత్రం భద్రంగా ఉన్నాయి. ఈ వ్యవహారమంతా ఆ కంపెనీ దాచకుండా బయటపెట్టింది.

దీన్నుంచి మనకు రెండు పాఠాలు. ఒకటి, తెరిచి పరీక్షించని బ్యాకప్ బ్యాకప్ కాదు. రెండు, రిపాజిటరీని క్లోన్ చేస్తే కోడ్‌తో పాటు అందులోని ఫైళ్లన్నీ చరిత్రతో సహా మీ ల్యాప్‌టాప్‌లోకి వస్తాయి, ఇష్యూలు రావు. అందుకే నిర్ణయాలను, నోట్సును ఫైళ్ల రూపంలో కోడ్ పక్కనే ఉంచండి. వారానికోసారి ఇంకో డిస్క్‌లోకో, మిత్రుడి ల్యాప్‌టాప్‌లోకో కాపీ తీసుకోండి.

ఖాతా కూడా జాగ్రత్త. కాలేజీ మెయిల్ ఒక్కటే ఇచ్చి ఖాతా తెరిస్తే, పాసయ్యాక ఆ మెయిల్ మూసేసిన రోజున ఇబ్బంది. సొంత మెయిల్ కూడా తప్పక చేర్చండి. టూ ఫ్యాక్టర్ పెట్టుకున్నప్పుడు ఇచ్చే రికవరీ కోడ్‌లను కాగితంపై రాసి దాచండి. ఫోన్ పోతే ఖాతా కూడా పోకుండా కాపాడేవి అవే.

ఈ పొరపాట్లు వద్దు

- టూల్స్‌కు రంగులద్దుతూ కూర్చోవద్దు. బోర్డు అందంగా తీర్చిదిద్దడానికి రెండ్రోజులు పట్టిందంటే అది పని కాదు, పని ఎగ్గొట్టడం.
- ఇంటర్న్‌షిప్‌లో కంపెనీ కోడ్‌ను సొంత ఖాతాలో పెట్టొద్దు. అది వారి ఆస్తి. ఉద్యోగం రాకముందే పోగొట్టుకునే దారి ఇదే.
- ప్రొఫైల్‌లో పచ్చ గడుల కోసం రోజూ ఉత్తుత్తి కమిట్లు చేయొద్దు. తెరిచి చూసేవారికి ఇట్టే తెలిసిపోతుంది.
- ఏఐ టూల్ రాసిచ్చిన కోడ్‌ను వాడితే దాన్ని లైన్ లైన్‌గా అర్థం చేసుకున్నాకే కమిట్ చేయండి. మీ పేరుతో ఉన్న ప్రతి లైన్‌కూ జవాబు మీరే చెప్పాలి.

వారంలో సిద్ధం

మొదటి రోజు: ఉన్న ఫోల్డర్లన్నీ తెరిచి, నడిచే కోడ్ ఏదో తేల్చండి. దాన్ని రిపాజిటరీలో పెట్టండి.
రెండో రోజు: కోడ్‌లో పాస్‌వర్డులు, కీలు ఎక్కడున్నాయో వెతికి తీసేయండి. పాతవి రద్దు చేయండి.
మూడో రోజు: మిగిలిన పనులను, తెలిసిన బగ్‌లను ఇష్యూలుగా రాసి బోర్డులో పెట్టండి.
నాలుగో రోజు: ప్రాజెక్టులో తీసుకున్న మూడు పెద్ద నిర్ణయాలను నాలుగేసి లైన్లలో రాయండి.
ఐదో రోజు: రీడ్‌మీ రాయండి. ఇదేం చేస్తుంది, ఎలా నడపాలి, ఇందులో నా భాగం ఏది, ఇంకా ఏం మిగిలింది.. ఇవి ఉండాలి.
ఆరో రోజు: కనీసం రెండు టెస్టులైనా రాసి, కోడ్ పెట్టిన ప్రతిసారీ అవే నడిచేలా అమర్చండి.
ఏడో రోజు: అసలు పరీక్ష. ప్రాజెక్టు గురించి ఏమీ తెలియని మిత్రుడికి లింకు ఇవ్వండి. మీరు నోరు విప్పొద్దు. రీడ్‌మీ ఒక్కటే చూసి అతడు ప్రాజెక్టును నడపగలిగితే మీరు పాసైనట్టే. ఎక్కడ ఆగిపోయాడో అక్కడే మీ రీడ్‌మీలో లోపం ఉందని అర్థం.

మళ్లీ ఆ రాత్రికే వెళ్దాం. పదిన్నరకు అదే మెయిల్ వచ్చింది. ఈసారి ఒక్క లింకు తెరిస్తే చాలు. కోడ్ నడుస్తోంది. నిర్ణయాల ఫైల్‌ను పదినిమిషాలు తిరగేస్తే ఆర్నెల్ల కిందటి చర్చంతా కళ్లముందుకొచ్చింది. పదకొండున్నరకల్లా లైటు ఆర్పి పడుకోవచ్చు. మర్నాడు ఇంటర్వ్యూలో ఏ ప్రశ్న వస్తుందో ఎవరూ చెప్పలేరు. కానీ మీరు చేసిన పని గురించి అడిగితే మాత్రం తడబడే అవసరం ఉండదు. ఉద్యోగం వస్తుందన్న హామీ ఏ టూలూ ఇవ్వదు. చేసిన కష్టం కనపడకుండా పోదన్న భరోసాను మాత్రం ఈ అలవాటు ఇస్తుంది. ఇవాళే మొదటి ఫోల్డర్ తెరవండి!