పదో తరగతి తర్వాత పొలం చదువు: అపోహలు – వాస్తవాలు

పదో తరగతి ఫలితాలు వచ్చాయంటే కరీంనగర్, ఆదిలాబాద్ ఊళ్లలో ప్రతి ఇంట్లో ఒకటే పంచాయితీ: ఎంపీసీనా, బైపీసీనా? వ్యవసాయ డిప్లొమా అనే మూడో దారి ఊసు కూడా వస్తుంది. అయితే దాని గురించి తెలిసింది తక్కువ, చెప్పుకునేది ఎక్కువ.

‘అమెరికాలో పిల్లలు స్కూల్లోనే కాలేజీ క్రెడిట్లు సంపాదిస్తారట, ఇక్కడా వచ్చేసిందట’ అనేది కొత్తగా వినిపిస్తున్న మాట. అక్కడ హైస్కూల్ పిల్లలు నేలలు, పంటల మీద కాలేజీ స్థాయి పేపర్ చదివితే, కాలేజీ ఒప్పుకున్నచోట అది డిగ్రీలో కలుస్తుంది. మన దగ్గర 2023లో జాతీయ క్రెడిట్ ఫ్రేంవర్క్ వచ్చిన మాట నిజం. ముప్పై గంటల చదువుకు ఒక క్రెడిట్, ఏడాదికి నలభై అని లెక్క కూడా కట్టారు. అంతమాత్రాన బడిలో చదివినదానికి బీఎస్సీ అగ్రికల్చర్‌లో ఒక సెమిస్టర్ మాఫీ చేసే పద్ధతి ఇక్కడ లేదు. దానికి కాస్త దగ్గరగా ఉన్నది వ్యవసాయ పాలిటెక్నిక్: పదో తరగతి కాగానే పాలీసెట్ ర్యాంకుతో చేరే రెండేళ్ల డిప్లొమా.

రెండో అపోహ ఇక్కడే పుడుతుంది. ఇంజినీరింగ్ డిప్లొమా వాళ్లు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో కూర్చుంటారు కాబట్టి వ్యవసాయంలోనూ అంతే అనుకుంటారు. కాదు. డిప్లొమా అయ్యాక అగ్రిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకున్నవాళ్లు బీఎస్సీ మొదటి ఏడాదిలోనే చేరాలి, నాలుగేళ్లూ చదవాలి. డిప్లొమా రెండు, డిగ్రీ నాలుగు, మొత్తం ఆరు. ఇంటర్ బైపీసీ మీదుగా వెళ్లినా రెండు, నాలుగు కలిపి ఆరే. ఏడాది మిగలదు, ఏడాది పోదు. అగ్రిసెట్ సీట్లు కొన్నే కాబట్టి అందరికీ డిగ్రీ దక్కదన్న సంగతి మాత్రం చేరేముందే తెలుసుకోవాలి. ఆ మాట చెప్పకుండా ‘డిప్లొమా చేస్తే డిగ్రీ గ్యారంటీ’ అనేవాళ్ల మాట నేనైతే నమ్మను.

‘మార్కులు రానోళ్ల చదువు’ అనే మాటకు పాలీసెట్ ర్యాంకే జవాబు. చదివే చోటూ తక్కువదేం కాదు: జగిత్యాల పక్కన పొలాసలో పాలిటెక్నిక్, వ్యవసాయ కళాశాల, పరిశోధన కేంద్రం ఒక్కచోటే ఉన్నాయి. జగిత్యాల సన్నాలు, జగిత్యాల రైస్-1 పుట్టిన పొలాలు ఆ పిల్లలకు క్లాసుకు వెళ్లే దారిలోనే కనిపిస్తాయి.

ఇక ఇళ్లలో ఎక్కువగా వినిపించేది ఇది: ‘పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచి పొలంలోనే ఉన్నడు, వానికి కాలేజీల కొత్తగ చెప్పేదేముంది?’ జమ్మికుంట, హుజూరాబాద్ దిక్కు ‘ఆడ-మగ’ వరి, అంటే హైబ్రిడ్ వరి విత్తనం, పెట్టే ఇంట్లో పిల్లవాడికి చాలా తెలుసన్నది నిజమే. పూత మీద పొద్దెక్కాక ఇద్దరు చెరో కొస పట్టుకుని మగ వరుసల మీదుగా తాడు లాగడం, పుప్పొడి ఆడ వరుసల మీద రాలడం వాడు చూసినవాడే, లాగినవాడే. కానీ ఆడ మొక్కలో పుప్పొడి ఎందుకు పనిచేయదు? చుట్టూ కనీసం వంద మీటర్ల దాకా వేరే వరి పూతకు రాకూడదని ఎందుకంటారు? విత్తన కంపెనీ మనిషి వచ్చి కల్తీ మొక్కలు పీకించడం దేనికి? వీటికి జవాబు తెలిస్తే కంపెనీ గింజ ఎందుకు తిరస్కరించిందో అడిగే నోరు వస్తుంది. కూలి చేసేవాడికీ విత్తనం పండించేవాడికీ తేడా అక్కడే.

నేల విషయంలోనూ ఇదే కథ. ఆదిలాబాద్‌లో ‘మాది నల్లరేగడి, బంగారం, పరీక్ష దేనికి’ అంటారు. రేగడి తడిని పట్టి ఉంచుతుంది, అది దాని గొప్ప. అయితే నల్లగా కనిపించినంత మాత్రాన సేంద్రియ కర్బనం దండిగా ఉన్నట్టు కాదు, రేగడిలో నత్రజని తక్కువగా ఉండడం మామూలే. కరీంనగర్ చెల్కల సంగతి వేరు. తడి తొందరగా ఆరిపోతుంది, వేసిన యూరియా గట్టి వాన పడితే కిందికి జారిపోతుంది. రెండింటికీ ఒకే మోతాదు బస్తాలు చల్లడమే దండగ ఖర్చు.

పరీక్ష కూడా గుప్పెడు మట్టి తీసుకెళ్లి ఇవ్వడం కాదు. గట్ల పక్క, చెట్టు నీడ, పెంటకుప్ప వేసిన చోటు వదిలేసి, చేనంతా తిరిగి పది పదిహేను చోట్ల ఆరంగుళాల లోతుకు ‘వి’ ఆకారంలో గుంట తీయాలి. గుంట అంచును పైనుంచి కింది దాకా ఒక పొరగా గీకాలి. అన్నీ కలిపి, గుండ్రంగా పరచి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు పారబోయాలి. అరకిలో మిగిలేదాకా ఇలాగే చేసి, నీడలో ఆరబెట్టాలి. ఒక్క గుంటలోని మట్టి ఇస్తే వచ్చే భూసార పరీక్ష కార్డు ఆ గుంటకే పనికొస్తుంది.

చివరిది, ‘మందుల షాపాయన చేసిన డిప్లొమా, ఇదీ ఒకటే’ అనేది. ఆయన చేసింది ‘దేశీ’. హైదరాబాద్‌లోని మేనేజ్ సంస్థ 2003లో ఎరువులు, మందుల డీలర్ల కోసం మొదలుపెట్టిన ఏడాది కోర్సు, వారానికోరోజు తరగతి. షాపు నడిపేవాళ్లకు అది మంచిదే. వ్యవసాయ విస్తరణ అధికారి, అదే రైతు వేదికలో కూర్చునే ఏఈఓ, ఉద్యోగానికి మాత్రం దేశీ సర్టిఫికెట్ చెల్లదు. దానికి పాలిటెక్నిక్ వ్యవసాయ డిప్లొమా గానీ, డిగ్రీ గానీ ఉండాలి.