పొలం ఇంటికి బీగిల్ కుక్క: తెచ్చుకొనే ముందు తెలుసుకోవలసిన విషయాలు

నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని అనంతసాగరం, ఆత్మకూరు, ఉదయగిరి ప్రాంతాలలో గొర్రెల మందకు, కళ్లానికి కుక్క కాపలా కొత్త కాదు. అయితే ఆ కుక్కలు నాటు జాతివి. ఇక్కడి ఎండకు, తిండికి, మనుషుల తీరుకు తరతరాలుగా అలవాటు పడినవి. ఇటీవలి కాలంలో జాతి కుక్కలు కూడా పల్లెలకు చేరుతున్నాయి. వాటిలో బీగిల్ ఒకటి. చిన్న పరిమాణం, పొట్టి వెంట్రుకలు, పిల్లలతో కలుపుగోలుగా ఉండే స్వభావం దీనికి ఆదరణ తెచ్చిపెట్టాయి.

కుక్కల పెంపకంతో సస్య శాస్త్రానికి సంబంధమేమిటన్న సందేహం పాఠకులకు కలుగవచ్చు. ఎలుకల నివారణకు, కొన్ని పురుగుల నివారణకు మనం సిఫార్సు చేసే విషపు ఎరలు వాసనతో, రుచితో ఆకర్షించేవి. బీగిల్ వాసన వెంట పోయే జంతువు, పైగా తిండి మీద మిక్కిలి ఆశ గలది. ఈ రెండూ ఒకే ఆవరణలో ఉన్నప్పుడు ప్రమాదం ఎక్కడ పొంచి ఉన్నదో రైతుకు ముందుగా చెప్పవలసిన బాధ్యత మనపై ఉన్నది. మొదటిసారి కుక్కను పెంచబోయే వ్యవసాయ కుటుంబాన్ని దృష్టిలో ఉంచుకొని ఈ వ్యాసంలో ఆ విషయాలు వివరించబడినవి.

జాతి స్వభావం

బీగిల్ ఇంగ్లాండులో కుందేళ్ల వేటకు రూపొందిన జాతి. గుంపుగా, నేలపై వాసన పట్టుకొంటూ, వేటగాళ్లకు తెలిసేలా గొంతెత్తి అరుస్తూ వెంటాడటం దీని పని. ఎత్తు 33 నుండి 40 సెం.మీ., బరువు సుమారు 10 కిలోలు ఉంటుంది. సాధారణంగా 12 నుండి 15 సంవత్సరాలు జీవిస్తుంది. కాబట్టి కుక్కపిల్లను తెచ్చుకోవటమంటే అన్నేళ్ల పోషణ భారాన్ని అంగీకరించడమే.

ఈ జాతి ఘ్రాణశక్తికి వ్యవసాయ రంగంలోనే మంచి ఉదాహరణ ఉన్నది. అమెరికా వ్యవసాయ శాఖ 1984లో లాస్ ఏంజెలెస్ విమానాశ్రయంలో బీగిల్ దళాన్ని ప్రవేశపెట్టింది. ప్రయాణికుల సామానులోని పండ్లు, మొక్కలు, మాంసం వంటి నిషిద్ధ పదార్థాలను ఇవి వాసనతో పట్టిస్తాయి. మన ప్రాంతం నుండి వెళ్లేవారి పెట్టెలలోని మామిడి పండ్లు, పచ్చి కరివేపాకు కూడా వీటి ముక్కు దాటిపోవడం కష్టం. కరివేపాకు, నిమ్మజాతి తోటలలో గ్రీనింగ్ తెగులును వ్యాపింపజేసే సిట్రస్ సిల్లా పురుగుకు ఆతిథ్య మొక్క కావడమే ఈ కట్టుబాటుకు కారణం. సూక్ష్మమైన ఘ్రాణశక్తి, తిండిపై ఆశ, మనుషులను భయపెట్టని మెత్తని స్వభావం అన్న మూడు గుణాలు బీగిల్‌ను ఆ పనికి అనువుగా చేశాయి.

అవే గుణాలు పొలం ఇంట్లో వేరే ఫలితాలనిస్తాయి. వాసన పట్టిన బీగిల్ యజమాని పిలుపును లక్ష్యపెట్టదు. అపరిచితులతో కూడా స్నేహంగా మెలుగుతుంది కనుక కాపలాకు పనికిరాదు. గుంపులో బ్రతికే జాతి కావడం వలన రోజంతా ఒంటరిగా కట్టివేస్తే అదేపనిగా అరుస్తుంది, తవ్వుతుంది, వస్తువులు కొరుకుతుంది. మోటారు షెడ్డు వద్ద కాపలాకు కుక్క కావాలనుకొనే రైతుకు నాటు కుక్కే తగినది.

ఎలుకల మందులు: ప్రధాన ప్రమాదం

సోమశిల జలాశయం దిగువన వరి సాగయ్యే పొలాలలో ఎలుకల నివారణ తప్పనిసరి పని. 96 భాగాల నూకలు, 2 భాగాల నూనె, 2 భాగాల మందు కలిపి 10 నుండి 15 గ్రాముల పొట్లాలుగా కట్టి బొరియలలో ఉంచడం మన సిఫార్సు. నూకలు, నూనె కుక్కకు కూడా ఇష్టమైన ఆహారమే. పైగా బీగిల్‌కు వాసన పట్టి నేలను తవ్వే అలవాటు ఉన్నది.

జింక్ ఫాస్ఫైడ్ విషయంలో ఒక చిన్న లెక్క చూద్దాం. 10 గ్రాముల పొట్లంలో 2 శాతం చొప్పున 200 మి.గ్రా. మందు, 80 శాతం గాఢత ప్రకారం 160 మి.గ్రా. జింక్ ఫాస్ఫైడ్ ఉంటుంది. జంతువులకు ప్రాణాంతక మోతాదుగా సాధారణంగా చెప్పేది కిలో శరీర బరువుకు 20 నుండి 40 మి.గ్రా. అనగా 10 కిలోల బీగిల్ మరణించడానికి రెండు మూడు పొట్లాలు చాలు. కడుపులోని ఆమ్లంతో కలిసినప్పుడు దీని నుండి ఫాస్ఫీన్ వాయువు వెలువడుతుంది. దీనికి విరుగుడు లేదు. ఆహారం పెడితే ఆమ్లం మరింత ఊరుతుంది కనుక పాలు, అన్నం పెట్టరాదు. కుక్క వాంతి చేసుకొంటే ఆ వాయువు మనుషులకు కూడా హానికరం. అందువలన దానిని గాలి ఆడే చోట ఉంచాలి.

బ్రోమాడయోలోన్ వేరే విధంగా పనిచేస్తుంది. ఇది రక్తం గడ్డకట్టే శక్తిని దెబ్బతీస్తుంది. తిన్న రోజున కుక్క మామూలుగానే ఉంటుంది. మూడు నుండి ఐదు రోజుల తరువాత నీరసం, చిగుళ్లు పాలిపోవడం, ముక్కు నుండి గాని మలంలో గాని రక్తం కనిపించడం, ఆయాసం బయటపడతాయి. దీనికి విటమిన్ కె1 విరుగుడు. దానిని పశువైద్యుని పర్యవేక్షణలో కొన్ని వారాల పాటు వాడవలసి ఉంటుంది. విటమిన్ కె3 ఇందుకు పనిచేయదు. ఈ మందు తిని చచ్చిన ఎలుకలను తిన్నప్పటికీ కుక్కకు విషం సోకుతుంది.

మొక్కజొన్నలో కత్తెర పురుగుకు వాడే ఎర మరొక ప్రమాదం. 10 కిలోల తవుడు, 2 కిలోల బెల్లం నీటితో కలిపి ఒక రోజు పులియబెట్టి, చల్లే ముందు 100 గ్రాముల థయోడికార్బ్ కలుపుతారు. పులిసిన బెల్లం వాసన కుక్కను దూరం నుండే రప్పిస్తుంది. చొంగ కారడం, కంటిపాప చిన్నదవడం, కండరాలు వణకడం దీని లక్షణాలు. పశువైద్యుడు అట్రోపిన్‌తో చికిత్స చేస్తారు. ఎరువుగా వాడే ఆముదం పిండిలో కూడా రైసిన్ అనే విషపదార్థం ఉంటుంది కనుక ఆ బస్తాలను కుక్కకు అందకుండా ఉంచాలి.

పాటించవలసిన జాగ్రత్తలు:

1. ఎరలు పెట్టిన రోజు నుండి మిగిలిన ఎరను, చచ్చిన ఎలుకలను ఏరి లోతుగా పూడ్చేవరకు కుక్కను ఇంటి ఆవరణ దాటనీయరాదు.
2. ఇంటి వద్ద, ధాన్యం కొట్టు వద్ద ఎర పెట్టవలసి వస్తే మూత బిగించిన ఎర పెట్టెలలోనే ఉంచాలి.
3. మందు కలిపిన గిన్నెలను, ఖాళీ డబ్బాలను కుక్క నాకే చోట వదలరాదు.
4. విషం తిన్నదన్న అనుమానం కలిగిన వెంటనే, లక్షణాల కోసం ఎదురుచూడక, మందు డబ్బాతో సహా పశువైద్యుని వద్దకు తీసుకుపోవాలి. ఉప్పునీరు తాగించడం వంటి గృహ వైద్యం చేయరాదు. సంచార పశువైద్య సేవల కొరకు 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

అడవి అంచు, గొర్రెల మంద

వెలిగొండ కొండల దిగువ చేలలో కుందేళ్లు తిరుగుతాయి. కుందేలు వాసన తగిలిన బీగిల్ తిరిగిరాని దూరం వరకు పరుగెత్తగలదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 ప్రకారం కుందేలు వేట నేరం. అందువలన బయట తిప్పేటప్పుడు గొలుసు తప్పనిసరి. ఆవరణకు కంచె ఉండాలి; కంచె అడుగున సందు లేకుండా చూడాలి.

గొర్రెలున్న ఇంట్లో బద్దె పురుగుల విషయం ముఖ్యమైనది. వధించిన గొర్రెల పచ్చి ఊపిరితిత్తులు, కాలేయం, తలకాయ భాగాలు తిన్న కుక్క పేగులలో బద్దె పురుగులు పెరుగుతాయి. వాటి గుడ్లు కుక్క మలం ద్వారా మేతలో చేరి గొర్రెలలో తిత్తులను, మెదడుకు సోకినప్పుడు ఒకే పక్కకు గుండ్రంగా తిరిగే వ్యాధిని కలిగిస్తాయి. హైడాటిడ్ తిత్తులు మనుషులకు కూడా వస్తాయి. పచ్చి మాంసపు వ్యర్థాలు పెట్టకపోవడం, ప్రాజిక్వాంటెల్ గల మందుతో క్రమంగా నట్టల నివారణ చేయడం దీనికి మార్గం.

పోషణ, ఆరోగ్యం

బీగిల్ పెట్టినంతా తింటుంది; త్వరగా ఊబకాయం వస్తుంది. పెద్ద కుక్కకు రోజుకు రెండుసార్లు కొలత ప్రకారమే పెట్టాలి. చేతితో తడిమితే పక్కటెముకలు తెలియాలి. ఉల్లి, వెల్లుల్లి, ఎండు ద్రాక్ష, చాక్లెట్ హానికరం. వేలాడే చెవులలో గాలి ఆడక చీము పడుతుంది కనుక వారానికొకసారి పరీక్షించాలి. మే నెల ఎండలో నడిపించరాదు. తెల్లవారుజామున, పొద్దుగూకిన తరువాత మాత్రమే తిప్పాలి. గోమార్ల (పిడుదుల) ద్వారా ఎర్లిచియా జ్వరం సోకుతుంది. వాటిని క్రమంగా నివారించాలి.

పిల్లకు 6 నుండి 8 వారాల వయస్సులో మిశ్రమ టీకాలు ప్రారంభించాలి. వరి పొలాలలో ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా లెప్టోస్పైరోసిస్ వచ్చే అవకాశం ఉన్నది కనుక ఆ టీకా కూడా వేయించాలి. మూడు నెలల వయస్సులో రేబిస్ టీకా, తరువాత ఏటా తిరిగి వేయించాలి. ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బు నీటితో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోవాలి.

కుక్కపిల్లల పెంపకం, అమ్మకాలపై 2017 నాటి కేంద్ర నిబంధనల ప్రకారం పెంపకందారు నమోదు చేసుకొని ఉండాలి. 8 వారాలలోపు పిల్లను అమ్మరాదు. కొనేముందు నమోదు పత్రం, టీకాల కార్డు అడిగి చూడాలి.

ముగింపు

ఇంట్లో పగలంతా ఒకరు ఉండి, కంచె గల ఆవరణ ఉండి, ఎరలు పెట్టే రోజులలో కుక్కను కట్టడి చేయగలిగిన కుటుంబానికి బీగిల్ మంచి తోడు. ఈ మూడింటిలో ఏది లేకపోయినా తెచ్చుకోకపోవడమే మేలు. విస్తరణ శాస్త్రవేత్తలు ఎలుకల నివారణ శిక్షణలో పిల్లలు, పశువులు, కోళ్ల గురించి హెచ్చరించినట్లే కుక్కల గురించి కూడా ప్రత్యేకంగా హెచ్చరించడం అవసరం. ఎర పొట్లం చేతికిచ్చే ముందు “మీ ఇంట్లో కుక్క ఉన్నదా?” అని రైతును అడగడం మన సిఫార్సులో భాగం కావాలి.