కొండ తవ్వేనాటికి శిక్షణ అందేనా?
గనుల ప్రాంత గిరిజనులకు ఉపాధి కంటె ముందు నైపుణ్యం కావాలి

బస్తర్ ప్రాంతంలోని బైలాడిలా కొండల్లో మేలిరకం ఇనుప ఖనిజం ఉన్న సంగతి ఈనాడు కొత్తగా తెలిసినది కాదు. భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన క్రూక్‌షాంక్ 1930 దశకంలోనే ఆ కొండలను సర్వే చేశారు. జాతీయ ఖనిజాభివృద్ధి సంస్థ (ఎన్.ఎం.డి.సి.) అక్కడి 14వ నంబరు నిక్షేపంలో ఉత్పత్తి ప్రారంభించినది మాత్రం 1968లో. నడుమ మూడు దశాబ్దాలు గడిచాయి. కొండ దిగువ పల్లెల్లో ఒక తరం పుట్టి, పెరిగి, పెళ్ళి చేసుకుని పిల్లలను కనేంత కాలమది. ఆ తరానికి డ్రిల్లింగ్ యంత్రం నడపడమో, ఖనిజ నమూనా తీయడమో, కనీసం డీజిల్ ఇంజను విప్పి బిగించడమో నేర్పిన ఏర్పాటు చెప్పుకోదగ్గది ఏదీ కనిపించదు.

ఈ పాత కథను ఇప్పుడు గుర్తు చేసుకోవలసిన అవసరం ఏర్పడింది. లిథియం తదితర కీలక ఖనిజాల కోసం కేంద్ర ప్రభుత్వం 16,300 కోట్ల రూపాయల వ్యయ అంచనాతో 2025 జనవరిలో ఒక జాతీయ మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2024-25 నుంచి 2030-31 వరకు 1,200 అన్వేషణ ప్రాజెక్టులు చేపట్టే బాధ్యతను భూగర్భ సర్వే సంస్థకు అప్పగించింది. దేశంలో వేలం ద్వారా లీజుకు వెళ్ళిన తొలి లిథియం బ్లాకు ఛత్తీస్‌గఢ్‌లోని కోర్బా జిల్లా కట్‌ఘోరాలో ఉన్నది. ఖనిజ సంపద గల ప్రాంతాలలో అనేకం గిరిజనులు నివసించే అటవీ ప్రాంతాలేనన్నది విదితమే. కనుక రాబోయే సంవత్సరాలలో డ్రిల్లింగ్ రిగ్గులు వెళ్ళే దారి కూడా చాలావరకు ఆ అడవుల గుండానే సాగుతుంది.

దేశ జనాభాలో గిరిజనులు 8.6 శాతం. ప్రాజెక్టుల వల్ల నిర్వాసితులైన వారిలో వారి వాటా దాదాపు 40 శాతమని వర్జీనియస్ ఖాఖా అధ్యక్షతన ఏర్పాటైన ఉన్నతస్థాయి కమిటీ 2014లో తన నివేదికలో పేర్కొన్నది. భూమి పోయిన కుటుంబానికి ఉద్యోగం ఇస్తామన్న హామీ ప్రతి గని వద్దా వినిపిస్తుంది. ఆ ఉద్యోగం చేయగల అర్హత ఎవరు, ఎప్పుడు సమకూర్చాలన్న ప్రశ్న వద్దనే వ్యవహారం చిక్కుబడుతోంది.

యంత్రం వచ్చింది, సుత్తి పోయింది

బైలాడిలా అంటే ఎద్దు మూపురమని అర్థం. ఆ మూపురంతో తెలుగువారికి సంబంధం లేకపోలేదు. ఎన్.ఎం.డి.సి. ప్రధాన కార్యాలయం హైదరాబాద్‌లోనే ఉన్నది. కొత్తవలస-కిరందుల్ రైలుమార్గం మీదుగా వచ్చే ఖనిజం విశాఖపట్నం రేవుకు చేరుతుంది. కర్ణాటకలోని దోణిమలైతో కలిపి ఈ సంస్థ ఉత్పత్తి 2021-22లో తొలిసారిగా 4 కోట్ల టన్నులు దాటింది.

తొలి రోజులలో ఇక్కడ యంత్రాల తవ్వకంతో పాటు, కాంట్రాక్టర్ల కింద వేలాది కార్మికులు సుత్తులతో ఖనిజాన్ని కొట్టి, గంపలకెత్తే పద్ధతి కూడా సాగేది. 1977లో 5వ నంబరు నిక్షేపంలో యాంత్రిక గని ప్రారంభమైంది. చేతితో తవ్వే పని క్రమంగా అక్కరలేనిదైంది. కాంట్రాక్టు కార్మికులను పెద్ద సంఖ్యలో తొలగించడంతో ఆందోళన తలెత్తింది. 1978 ఏప్రిల్‌లో కిరందుల్‌లో పోలీసు కాల్పులు జరిగి కార్మికులు ప్రాణాలు కోల్పోయారు.

డంపరు ఒక్కో ట్రిప్పుకు పదుల టన్నులు మోస్తుంది. దాని సీటులో కూర్చోవడానికీ ఒక మనిషి కావాలి. అయితే సుత్తి పట్టిన కార్మికుడిని ఆ సీటు వరకు తీసుకెళ్ళే మెట్లు లేవు. కూలి పోయినది ఒకరికి, కొలువు వచ్చినది మరొకరికి. యాంత్రీకరణ మీద ఆ రోజులలో జరిగిన చర్చ అంతా తొలగింపు పరిహారం చుట్టూ తిరిగిందే గాని, ఈ మెట్ల ప్రస్తావన అందులో స్వల్పం.

తరువాతి కాలంలో పరిస్థితి కొంత మారిన మాట వాస్తవం. భాన్సీలో ఐ.టి.ఐ., గీదం సమీపంలోని జావంగా విద్యానగరంలో పాలిటెక్నిక్ సంస్థ సహాయంతో వెలిశాయి. బస్తర్ గిరిజన బాలికలను నర్సింగ్ చదువు కోసం హైదరాబాద్ పంపే పథకం కూడా 2011 నుంచి ఉన్నది. ఇవి మెచ్చుకోదగినవే. కాని వీటిలో ఒక విచిత్రం లేకపోలేదు. ఇనుప కొండ పక్కన పుట్టిన పిల్ల నర్సు కావడానికి రాష్ట్రం దాటి వెళ్ళే దారి ఏర్పడింది. అదే కొండ మీద సర్వేయరో, భూగర్భ శాస్త్రజ్ఞురాలో కావడానికి అంత స్పష్టమైన దారి లేదు.

పదో తరగతి గడప

గనిలో పని చేయడం మరో కర్మాగారంలో పని చేయడం వంటిది కాదు. మేట్, బ్లాస్టర్, ఫోర్‌మన్, మేనేజర్ వంటి పదవులకు గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్ ఇచ్చే ధ్రువపత్రం ఉండి తీరాలి. అనుభవం ఉండాలి, పరీక్ష గట్టెక్కాలి. మందుగుండు పేలుళ్ళు, కూలే అంచులు ఉన్న చోట ఈ నిబంధనలు తప్పనిసరి. వాటిని సడలించమని ఎవరూ కోరరాదు. కొత్తగా చేరిన కార్మికుడికి ప్రాథమిక శిక్షణ ఇవ్వాలని 1966 నాటి గనుల వృత్తి శిక్షణ నిబంధనలు ఆదేశించాయి. అయితే అది ప్రమాదం బారిన పడకుండా కాపాడే శిక్షణే గాని, మేట్‌ను ఫోర్‌మన్‌గా చేసే శిక్షణ కాదు.

ఇక చదువు సంగతి. 2011 జనాభా లెక్కల నాటికి, అప్పటికింకా సుక్మా వేరుపడని దంతెవాడ జిల్లాలో అక్షరాస్యత 42 శాతం మాత్రమే. ఐ.టి.ఐ.లో చాలా కోర్సులకు పదో తరగతి కావాలి. అంటే శిక్షణ సంస్థ తలుపు తెరిచి ఉన్నా, గడప వరకు రాగలిగినవారు సగం మంది కూడా లేరు. రాగలిగినవారు ఫిట్టరో వెల్డరో అయిన తరువాత శాశ్వత ఉద్యోగాల పరీక్షలో ఇతర ప్రాంతాల అభ్యర్థులతో పోటీ పడాలి. ఆ పోటీలో నెగ్గలేనివారికి మిగిలేది కాంట్రాక్టరు కింద పారిశుధ్యం, తోటపని, కాపలా.

జగ్‌దల్‌పూర్ సమీపంలోని నగర్‌నార్ ఉక్కు కర్మాగారం మరో ఉదాహరణ. అక్కడ భూసేకరణ 2001లో మొదలైంది. బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగినది 2023 ఆగస్టులో. భూమి ఇచ్చిన ఇంట అప్పుడే పుట్టిన బిడ్డ ఇంజనీరింగ్ డిగ్రీ పూర్తి చేయగల వ్యవధి అది.

తొలి రంధ్రం వద్దనే మొదలు కావాలి

గని కంటె ముందు వచ్చేది అన్వేషణ. భూగర్భ శాస్త్రజ్ఞులు రాళ్ళ పటం గీసిన తరువాత వజ్రపు మొన గల బిట్‌తో నేలలోకి రంధ్రం వేస్తారు. నీటిని లోపలికి పంపుతూ, గొట్టాన్ని తిప్పుతూ దిగితే స్తంభాకారంలో రాతి ముక్క పైకి వస్తుంది. దీనినే కోర్ అంటారు. ఈ ముక్కలను వచ్చిన వరుస తప్పకుండా పెట్టెలో పేర్చి, ఏ ముక్క ఎన్ని మీటర్ల లోతు నుంచి వచ్చిందో గుర్తు రాయాలి. తరువాత కోర్‌ను నిలువునా చీల్చి సగం ప్రయోగశాలకు పంపి, సగం భద్రపరచాలి. ఒక పెట్టెలో వరుస తారుమారైతే నిక్షేపం లెక్కే తప్పుతుంది. శ్రద్ధ, ఓర్పు, పదో తరగతి స్థాయి లెక్కలు తెలిసిన యువకుడికి నెలల వ్యవధిలో అబ్బే పనులివి. అడవి దారులు, వాగులు, రాళ్ళ తీరు తెలిసిన స్థానికుడికి మరీ సులువు.

అయినా సాధారణంగా జరిగేదేమిటి? రిగ్గుతో పాటు డ్రిల్లర్లు బయటినుంచి వస్తారు. ఊరివారికి పొదలు నరకడం, నీళ్ళు మోయడం, శిబిరంలో వంట పని దక్కుతాయి. రెండు సీజన్ల తరువాత శిబిరం ఎత్తివేస్తారు. వెనుక మిగిలేది సిమెంటు మూతతో ఒక రంధ్రం.

హైదరాబాద్‌లో 1976లో నెలకొల్పిన భూగర్భ సర్వే శిక్షణ సంస్థకు మంచి పేరున్నది. కాని అది ప్రధానంగా శాస్త్రజ్ఞుల కోసం ఏర్పడినది. గనుల రంగ నైపుణ్య మండలి కార్మికుల స్థాయి కోర్సులు రూపొందించింది. ఈ రెండింటి మధ్య, డ్రిల్లింగ్ శిబిరం వద్దనే స్థానికులకు పని నేర్పి ధ్రువపత్రం ఇచ్చే విధానం స్థిరపడితే, గని రాకపోయినా ఆ యువకుడు మరో జిల్లాలో బోరు రిగ్గు మీద బ్రతకగలడు. అన్వేషించిన ప్రతి చోటా గని రాదన్న విషయం ఇక్కడ మరువరాదు.

శిక్షణ ఎర కారాదు

దీనికి మరో పార్శ్వం కూడా ఉన్నది. 2019 జూన్‌లో కిరందుల్‌లోని ఎన్.ఎం.డి.సి. కార్యాలయం ఎదుట వేలాది గిరిజనులు రోజుల తరబడి బైఠాయించారు. వారు కోరినది ఉద్యోగాలు కాదు. 13వ నంబరు నిక్షేపం ఉన్న కొండ తమ దేవత నివాసమని, 2014లో గ్రామసభ జరిపినట్లు చూపిన కాగితాలు బూటకమని వారి ఆరోపణ. రాష్ట్ర ప్రభుత్వం పనులు నిలిపి విచారణకు ఆదేశించవలసి వచ్చింది. కొండను తవ్వవద్దనే ఊరికి డంపరు డ్రైవింగ్ శిక్షణ సమాధానం కాజాలదు. సమ్మతి ముందు, శిక్షణ తరువాత. ఈ క్రమం తిరగబడితే శిక్షణా కేంద్రం కూడా ఎరగానే కనిపిస్తుంది.

విశాఖ జిల్లా అనంతగిరి ప్రాంత లీజుల వివాదంలో సుప్రీంకోర్టు 1997 జూలైలో ఇచ్చిన సమత తీర్పు గిరిజనుడిని గని కూలీగా కాక గని యజమానిగా ఊహించింది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రైవేటు గిరిజనేతరులకు లీజులు చెల్లవని, గిరిజనుల సహకార సంఘాలు మాత్రం తవ్వుకోవచ్చునని ప్రకటించింది. నికర లాభంలో కనీసం 20 శాతం ఆ ప్రాంత అభివృద్ధికి కేటాయించాలన్నది. అయితే సర్వే పటం చదవగలవారు, పేలుడు ధ్రువపత్రం గలవారు సంఘంలో లేనప్పుడు పెత్తనం ఎవరి చేతికి పోతుందో ఊహించడం కష్టం కాదు. బోర్డు మీద గిరిజనుడి పేరు, తెర వెనుక పెట్టుబడిదారుడు అన్న బినామీ ఫిర్యాదులు ఏజెన్సీలో కొత్తవి కావు. హక్కు కోర్టు ఇచ్చింది. విద్య కోర్టు ఇవ్వగలిగినది కాదు.

కెనడాలోని క్యూబెక్ ఉత్తర ప్రాంతంలో నికెల్ గని విషయమై ఇన్యూట్ తెగవారు 1995లో కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. లాభాల్లో వాటా, ఉద్యోగాల్లో ప్రాధాన్యం, శిక్షణ అందులోనే రాసుకున్నారు. గని ఉత్పత్తి మొదలైనది ఆ తరువాత, 1997 చివరలో. అంతటి ఒప్పందం ఉండి కూడా 2008లో మళ్ళీ ప్రత్యేక శిక్షణ కార్యక్రమం చేపట్టవలసి రావడాన్ని బట్టి, ఇది కాగితంతో తేలే పని కాదని అర్థమవుతుంది. మన దేశంలోనూ ఆశ కలిగించే ఉదాహరణలు లేకపోలేదు. మహిళలు భూగర్భ గనుల్లోనూ, రాత్రి వేళల్లోనూ పని చేసేందుకు కేంద్రం 2019లో అనుమతించింది. జార్ఖండ్‌లోని నోవాముండి ఇనుప గనిలో మహిళలకు శిక్షణ ఇచ్చి భారీ యంత్రాలపై నియమించారు.

నిధుల కొరత అన్న సాకు చెల్లదు. 2015లో చట్టాన్ని సవరించి జిల్లా ఖనిజ నిధులు ఏర్పాటు చేశారు. పాత లీజుదారులు రాయల్టీపై 30 శాతం, వేలంలో లీజు పొందినవారు 10 శాతం ఇందుకు చెల్లించాలి. నైపుణ్యాభివృద్ధి ప్రాధాన్య రంగాలలో ఒకటి. ప్రాధాన్య రంగాలకు కనీసం 70 శాతం వెచ్చించాలని 2024 మార్గదర్శకాలు నిర్దేశించాయి. కాగా, ఈ నిధులు అధికంగా భవనాలు, రోడ్లకే పోతున్నాయని ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2018లోనే ఎత్తిచూపింది. పైగా ఈ సొమ్ము తవ్వకం మొదలై రాయల్టీ వచ్చిన జిల్లాకే చేరుతుంది. రిగ్గు ఇప్పుడిప్పుడే దిగుతున్న ఊరికి, శిక్షణ అన్నింటికంటె ఎక్కువగా అవసరమైన ఆ నాలుగైదు సంవత్సరాలలో, ఈ నిధి నుంచి రూపాయి కూడా రాదు.