చిత్తూరు పేరు నిలిపిన గాయకుడు

బాలలారా! చిత్తూరు జిల్లాలోని ఐరాల ప్రాంతమున వేసవి వచ్చినచో పల్లెలయందు భారత ఉత్సవములు జరుగుట మీలో కొందరు చూచియుందురు. పగటివేళ హరికథ, రాత్రివేళ నాటకము, ఒకనాడు అర్జునుడు తపసుమాను నెక్కుట, కడపటి దినమున దుర్యోధన వధ: ఇట్లు భారతకథ అంతయు జనుల కన్నుల యెదుట నడచును. ఆ నాటకములు చూచు ముసలివారు వేషగాని కిరీటమును మెచ్చుకొనరు. "కంఠ మెట్లున్నది?" అని అడుగుదురు. ధ్వనివర్ధకములు లేని రోజులలో పద్యము చివరి వరుసలో చాప పరచుకొని కూర్చున్నవానికి కూడ వినబడవలసి యుండెను. కంఠమును ఇట్లు తూచి చూచు సీమ ఒక గాయకుని తనవానిగా చేసికొని, తన పేరును ఆయన కిచ్చినది. ఆయనయే చిత్తూరు నాగయ్య.

నాగయ్య జన్మస్థలము చిత్తూరు కాదు. ఆయన 1904వ సంవత్సరము మార్చి 28వ తేదీన గుంటూరు సీమలోని రేపల్లెలో జన్మించెను. ఇంటిపేరు ఉప్పలదడియము. అయినను ఆయన పెరిగి, నటుడై పేరు పొందినది చిత్తూరులోనే. ఆ పట్టణమందలి రామవిలాససభ వారి నాటకములలో పాడి, నటించి, జనుల మన్ననలందెను. అందుచే ఇంటిపేరు మరుగుపడి, ఊరిపేరే ఇంటిపేరైనది. పుట్టుకతో వచ్చిన పేరు కంటె పనితో వచ్చిన పేరు ఎంత బలమైనదో చూడుడు!

ఆ కాలపు నాటకములలో పద్యమే ప్రాణము. హార్మోనియము శ్రుతి నందీయగా నటుడు పద్యమును రాగముతో విస్తరించి పాడును. సభికులు 'వన్స్‌మోర్' అని కేకలు వేసినచో మరల పాడవలసినదే. చనిపోయిన పాత్రధారి సైతము లేచి పద్యము పాడి తిరిగి పడిపోయెనని పెద్దలు నవ్వుచు చెప్పుకొనెడివారు. ఈ పద్ధతిలో ఒక గుణము, ఒక దోషము కలవు. కంఠమునకు బలము, దమ్ము, నిలుకడ అలవడుట గుణము. రాగము పెరిగి అర్థము మరుగుపడుట దోషము.

తరువాత గ్రామఫోను వచ్చి గాయకులకు వేరొక పాఠము నేర్పెను. ఆనాటి రికార్డు నిమిషమునకు 78 మారులు తిరుగునట్టిది. పది అంగుళముల పలకపై ఒక వైపున సుమారు మూడు నిమిషముల పాట మాత్రమే పట్టును. రంగస్థలముపై పావుగంట సాగు రాగము ఇచట సాగదు. మైనపు పలకపై గీత పడుచుండగా ఒక స్వరము తప్పినచో దిద్దుటకు వీలులేదు, మొదటినుండి పాడవలసినదే. యెదుట సభ లేదు, చప్పట్లు లేవు. కాని ఆ రికార్డు ఎన్నడును నాటకము చూడని పల్లెవాని చెవికి కూడ ఆ పాటను చేర్చెను.

1938లో హెచ్. ఎం. రెడ్డి తీసిన 'గృహలక్ష్మి'తో నాగయ్య చలనచిత్రములలో ప్రవేశించెను. మరుసటి యేడు బి. ఎన్. రెడ్డి దర్శకత్వమున వచ్చిన 'వందేమాతరం'లో నాయకుడై నటించి, పాడి, సంగీతమును గూడ సమకూర్చెను. ఆ కాలపు తెలుగు చిత్రములలో నటులు సాధారణముగ తమ పాటలను తామే పాడుకొనెడివారు. మైక్రోఫోను ముందు కేక అవసరము లేదు. మెల్లని పలుకును, నిట్టూర్పును కూడ అది గ్రహించును. రంగస్థలమున గొంతెత్తుటకు అలవాటుపడిన పలువురు ఈ మార్పునకు తట్టుకొనలేకపోయిరి. నాగయ్య తన కంఠమును తగ్గించుకొని, మాటకు ప్రాధాన్య మిచ్చెను. 'భక్త పోతన'లోను, 1947 నాటి 'యోగి వేమన'లోను వినబడు గొంతు పండితులను ఒప్పించు గొంతు కాదు; తనలో తాను మాటాడుకొను గొంతు.

1946లో వచ్చిన 'త్యాగయ్య' ఆయన సాహసమునకు నిదర్శనము. నిర్మాణము, దర్శకత్వము, సంగీతము, ప్రధానపాత్ర అన్నియు ఆయనవే. త్యాగరాజ కృతులను విద్వాంసులు తరతరములుగా సభలలో పాడుచునే యున్నారు. వారి యెదుట ఒక నటుడు ఆ కృతులను పాడుట తేలిక కాదు. అయితే నాగయ్య విద్వాంసుడుగా పాడలేదు. రామునితో మొరపెట్టుకొను భక్తుడుగా పాడెను. అందువలననే ఆ చిత్రము తెలుగు రాని సీమలలో సైతము ఆదరణ పొందినది.

ఇంతలో కాలము మారినది. నటుడొకడు, తెరవెనుక పాడువాడు వేరొకడు అను పద్ధతి స్థిరపడెను. 1945 నాటి 'స్వర్గసీమ'లో నాగయ్య నాయకుడు. ఆ చిత్రముననే ఘంటసాల అను యువగాయకుని కంఠము వినబడెను. ముందు తరము దారి చూపగా తరువాతి తరము నడచి వచ్చినది.

నాగయ్య విశేషముగ ఆర్జించెను. అంతకంటె విశేషముగ దానము చేసెను. మదరాసులోని ఆయన యింట ఆకలిగొన్నవానికి అన్నము లేదను మాట లేదు. పరీక్ష లేక ఇచ్చిన చేయి క్రమముగ వట్టిదైనది. ఒకనాటి కథానాయకుడు ముదిమిలో చిన్న చిన్న తండ్రి పాత్రలు, ముని పాత్రలు ధరించి జీవించెను. అయినను 1964లో 'భక్త రామదాసు'ను స్వయముగ నిర్మించెను. 1965లో భారత ప్రభుత్వము పద్మశ్రీ బిరుదముతో ఆయనను గౌరవించెను. 1973 డిసెంబరు 30వ తేదీన ఆయన మరణించెను.

ఆయన లెక్క చూచుకొనవలసినదని కొందరందురు. ఆ మాటలో సత్యము లేకపోలేదు. ధనమును కాపాడుకొనుట కూడ ఒక విద్యయే. కాని లెక్క చూచుకొనిన ధనవంతులు ఆ కాలమున ఎందరో యుండిరి. వారిలో ఎందరి పేర్లు మనకు తెలియును? మదరాసు పానగల్ పార్కులో విగ్రహమును, చిత్తూరులో కళాక్షేత్రమును నాగయ్య పేర నిలిచియున్నవి.

బాలలారా! మీ ఊర ఈసారి భారతము జరిగినపుడు పద్యమును చెవియొగ్గి వినుడు. నటుడు ఎంత గట్టిగా పాడెనని కాక, ఆ మాట మీ మనస్సునకు తాకెనా యని చూడుడు. నాగయ్య జీవితమంతయు సాధన చేసినది దానికొరకే.