అవధానము – ధారణ

‘చెప్పిన మాట చెవికెక్కలేదా? నీ ధ్యాస ఎక్కడ నున్నది?’ అని పిల్లలను మందలింపని ఉపాధ్యాయులు అరుదు. మేమును పలుమారు అట్లు మందలించిన వారమే. ఆ మందలింపు ఎల్లవేళల న్యాయమైనదేనా యని యిచట విచారింతము.

47ను 6 చేత నోటిలెక్కగా గుణింపుడు. ముందు వచ్చిన 240ని మనసున నిలిపి, 42ను కట్టి, రెంటిని కూడిన 282 వచ్చును. నడుమ నెవరైన పలుకరించిరా, ఆ 240 జారిపోవును. మాటను క్షణకాలము నిలుపుకొని దానితో పని జరుపు ఈ శక్తిని తాత్కాలిక ధారణ యందము. విన్న మాటలను లోలోపల వల్లించుకొనుచు నిలుపు భాగమొకటి, దానిపై పెత్తనము చేయు అవధాన భాగమొకటి ఇందు కలవని బాడ్లీ, హిచ్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞులు 1974లో వివరించిరి. వల్లించుటకును, గుదిగ్రుచ్చుటకును వీలు లేనప్పుడు మనసున నిలుచునవి సుమారు నాలుగంశములేయని కోవన్ అను పండితుడు 2001లో నిరూపింపబూనెను.

ఈ సంబంధము మనవారికి క్రొత్త కాదు. అష్టావధానమున అప్రస్తుత ప్రసంగి ధ్యాసను చెదరగొట్టజూచుచుండగా, అవధాని పద్యములన్నిటిని నిలుపుకొని తుదకు ధారణ చేయును. విడివిడి మాటలను ఛందస్సు, యతి, ప్రాస ఒక్క మూటగా కట్టుట అతనికి తోడ్పడును. అది యేండ్ల సాధన ఫలము. బాలునకు అది యెక్కడిది?

‘పుస్తకము తెరచి, 14వ పుటలోని మూడవ లెక్కను ఎత్తి వ్రాసి, చేసి, క్రింద గీత గీసి తెమ్ము’ అందుము. బాలుడు పుస్తకము తెరచి దిక్కులు చూచును. ధ్యాస లేక కాదు, దోసిలి నిండి పొరలినది. ఇంట తెలుగును, బడిలో వేరొక భాషను వినెడి మన పిల్లలకు ఈ బరువు మరింత హెచ్చు. పరిచయము లేని పదమును మనసున నిలుపుట తెలిసిన పదమును నిలుపుటకంటె కష్టము.

కావున ఒక్కొక్క పనిని చిన్న వాక్యమున చెప్పుదము, నల్లబల్లపై వ్రాయుదము, బాలుని చేతనే మరల చెప్పింతము. అటుపిమ్మటను తప్పినచో మందలింపవచ్చును. అంతవరకు ‘పరధ్యానపువాడు’ అను పేరు ఏ పసివానికిని పెట్టకుందము గాక!